కోట్ల గదిలో లాంబ్డాలు

అక్టోబరు 3

పొద్దున 168/102. మళ్లీ కొలిస్తే 161/98. మూడోసారి 149/92. 149 రాసుకున్నాను.

డాక్టరమ్మ ఈ నోటుబుక్కు రక్తపోటు రాయడానికే కొనమంది. రోజుకు రెండుసార్లు అంకె, పక్కన కారణం ఒక ముక్క. "మీరు అణుకేంద్రకాలు కొలిచే మనిషి. నిజాయతీగా రాయమని మీకు నేను చెప్పాలా?" అంది. అక్కర్లేదు.

కారణం: సంతోషం. నా ప్రయోగంలో లాంబ్డా కణాలు సిద్ధాంతం చెప్పినదానికంటే నలభై శాతం ఎక్కువొచ్చాయి. మూడుసార్లు లెక్క వేయించాను. మూడుసార్లూ నలభయ్యే.

సాయంత్రం కొలవలేదు. సంతోషంగా ఉన్నప్పుడు కొలిస్తే ఆ యంత్రానికి అర్థం కాదు.

అక్టోబరు 4

తయిసియా పిండి పొరల్లో మాంసం కూరి పెల్మేనీ వండింది. ముప్ఫయ్యారేళ్ల కాపురంలో నేను ఆఫీసులో ఏం చేస్తానని నా భార్య ఒక్కసారీ అడగలేదు. ఇవాళ అడిగింది. నేను వంటింట్లో పాట పాడానట.

"ఈ గిన్నె ఒక బిస్మత్ కేంద్రకం అనుకో" అన్నాను. "ఇందులో పెల్మేనీలు ప్రోటాన్లు, న్యూట్రాన్లు. నీ గిన్నె ఇంకో కేంద్రకం. రెంటినీ ఎదురెదురుగా, దాదాపు వెలుతురంత వేగంతో గుద్దించామనుకో..."

"నేల ఎవరు తుడుస్తారు?"

"విను. ఆ వేడికి పిండి పొరలు కరిగిపోతాయి. లోపలి కూరంతా కలిసి ఒకటే ముద్ద. సూర్యుడి నడిబొడ్డు కంటే లక్ష రెట్లు వేడి. రెప్ప వాల్చే లోపలే చల్లారిపోయి మళ్లీ పెల్మేనీలు కడుతుంది. మొదట్లో లేని రకాలు కూడా పుడతాయి. అందులో ఒకటి లాంబ్డా. పొరలు నిజంగా కరిగుంటే లాంబ్డాలు ఎక్కువ రావాలి. నాకు వచ్చాయి. అంటే ఆ ముద్దని నేను చూశాను, తయిసియా!"

"చూశావా?"

"లెక్కపెట్టాను."

"అదీ మాట. మొన్న ఇంట్లో ఉల్లిపాయలు మూడు కిలోలున్నాయని కూడా నువ్వే లెక్కపెట్టావు" అని నా గిన్నెలో ఇంకో నాలుగు పెల్మేనీలు వేసింది.

అక్టోబరు 5

149/92. నిన్నటిదో మొన్నటిదో. కొలవడానికి తీరిక లేదు.

అక్టోబరు 10

ఇటలీలో సముద్రం ఒడ్డున ఉన్న పలెర్మో నుంచి ఉత్తరం! వచ్చే వసంతంలో జరిగే మహాసభలో ముఖ్య ప్రసంగం నన్ను చెయ్యమన్నారు. అరవై ఒకటో ఏట మొదటిసారి. ఇదివరకు ఎప్పుడూ మధ్యాహ్నం భోజనాలయ్యాక, పక్క హాల్లో, పన్నెండు నిమిషాలు ఇచ్చేవాళ్లు.

తయిసియా వెంటనే బజారుకు వెళ్లి ఈత దుస్తులు కొనుక్కొచ్చింది.

అక్టోబరు 12

శనివారం. ఊరి బయట మా తోట ఇల్లు, దాచాకు వెళ్లి మిగిలిన క్యాబేజీ కోశాం. కంచె అవతల రొదియోన్ మార్కొవిచ్ బసార్గిన్ తన క్యాబేజీ కోస్తున్నాడు. ఇరవై ఏళ్ల కిందట ఇద్దరం కలిసి పక్కపక్క తోటలు తీసుకున్నాం. నా ప్రయోగంలోనే, అవే ఢీకొట్టుళ్లను తన కంప్యూటరు ప్రోగ్రాముతో వేరుగా లెక్కపెడతాడు.

"ఇన్నొకెంతీ పెత్రోవిచ్, మీ నలభై శాతం సంగతి విన్నాను" అన్నాడు కంచె మీంచి. "మాకు మాత్రం పాత సిద్ధాంతం చెప్పినన్ని కూడా రాలేదండీ. మీ క్యాబేజీలాగే మీ లాంబ్డాలూ బలంగా ఉన్నట్టున్నాయి."

పదకొండేళ్లుగా మేం ఒకరినొకరం 'మీరు' అనుకుంటున్నాం. నా యాభయ్యో పుట్టినరోజున గ్లాసెత్తి, నన్ను ముద్దుపేరుతో పిలుస్తూ, "మా కేషా లెక్క ఎన్నడూ తక్కువ రాదు, దేవుడిచ్చినదానికంటే ఎక్కువే వస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. తయిసియా కూడా.

నాకు కోపం లేదు. ఎప్పుడో మర్చిపోయాను.

అక్టోబరు 17

ఉల్యానా వచ్చింది. నా దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. డిసెంబరులో సిద్ధాంత గ్రంథం సమర్పించాలి. అందులో నాలుగో అధ్యాయం మొత్తం నా నలభై శాతం మీదే నిలబడి ఉంది.

వచ్చి, నాకే లాంబ్డా పాఠం మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి గీత గీయదు, కాస్త దూరం కనిపించకుండా వెళ్లి రెండు కణాలుగా చీలుతుంది, ఆ రెండు గీతలూ పంగలకర్రలా కనిపిస్తాయి, మనం లెక్కపెట్టేది ఆ పంగలకర్రలనే కదా అని.

"అవును, ఉల్యానా. అది నేనే నీకు నేర్పాను."

"మీ అదనపు పంగలకర్రలన్నీ అతుకుల దగ్గరే ఉన్నాయి, ఇన్నొకెంతీ పెత్రోవిచ్."

ఆ గీతలు పట్టే మా డిటెక్టరు పీపాలాంటిది. పన్నెండు పలకలు పక్కపక్కన బిగించి కట్టాం. పలకకీ పలకకీ మధ్య అతుకు.

"ప్రకృతికి అతుకులంటే ఇష్టమేమో" అన్నాను.

నవ్వలేదు. "అతుకు దాటేటప్పుడు గీత తెగుతున్నట్టుంది. తెగిన ముక్కల్ని ప్రోగ్రాము రెండు గీతలనుకుంటే ఒక లాంబ్డా రెండయిపోతుంది."

"ఆ ప్రోగ్రాము ఎవరు రాశారో తెలుసా?"

"మీరు."

"మరి?"

"అందుకేగా మీ దగ్గరికొచ్చాను."

నేను అరవలేదు.

అక్టోబరు 18

కాస్త అరిచాను. తలుపు మూసే ఉంది కాబట్టి లెక్కలోకి రాదు.

నవంబరు 1

ప్రయోగం సభ్యులందరి సమావేశం. అధ్యక్షుడు సూటిగా చెప్పాడు: ఒకే ప్రయోగం నుంచి రెండు అంకెలు పలెర్మోకు పోవు. ఒకటే పోతుంది, లేదా ఏదీ పోదు.

రొదియోన్ లేచి నా ప్రోగ్రామును తప్పుపట్టాడు. నేను లేచి అతని ప్రోగ్రామును తప్పుపట్టాను. గంటన్నర. చివరికి ఒళ్లుమండి అన్నాను: "నా ప్రోగ్రామును వాళ్లు నమ్మరు, వాళ్లది నేను నమ్మను. ఇక మిగిలిందొకటే. కిందకెళ్లి కోట్ల గదిలో అగ్నియా ఫొమీనిచ్నా చేత లెక్కపెట్టించండి!"

జోకు. ఎవరూ నవ్వలేదు.

"నాకు సమ్మతమే" అన్నాడు రొదియోన్ నెమ్మదిగా.

అగ్నియా ఫొమీనిచ్నాకు డెబ్బై తొమ్మిదేళ్లు. సంస్థ గుమ్మం పక్క గదిలో మా చలికోట్లు తీసుకుని కొక్కేలకు తగిలించి నంబరు బిళ్ల ఇస్తుంది. కంప్యూటర్లు రాకముందు, ఢీకొట్టుళ్లను ఫిల్ముల మీద ఫొటోలు తీసే రోజుల్లో, చీకటి గదిలో కూర్చుని కంటితో పంగలకర్రలు ఏరిన ఆడవాళ్లలో ఆమె ఒకతి. ఆ గదులు మూతపడ్డాక కిందకు పంపేశారు.

అధ్యక్షుడు రాసేసుకున్నాడు. వంద ఢీకొట్టుళ్లు. నడిమధ్యన గుద్దుకున్నవి వద్దు, వాటిలో గీతలు చిక్కుపడ్డ జుట్టులా ఉంటాయి. అంచులు తగిలినవి చాలు. పెద్ద కాగితాల మీద అచ్చువేయించి ఆమెకివ్వాలి. నా ప్రోగ్రాము వీటిలో 214 లాంబ్డాలు చూసింది, రొదియోన్‌ది 139. పాత సిద్ధాంతం ప్రకారం 150 ఉండాలి. ఆమె అంకె వచ్చేదాకా అందరం ఊరుకోవాలి.

నా జోకు తీర్మానమై కూర్చుంది.

నవంబరు 4

కాగితాల కట్ట నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె అల్లిక పక్కనపెట్టింది.

"ఎన్ని?"

"వంద, అగ్నియా ఫొమీనిచ్నా."

"వందేనా? పూటకి నాలుగొందలు చూసేదాన్ని. నీకు గుర్తుందా కేషా, కొత్తగా చేరినప్పుడు ఫిల్ము మీద దుమ్ము చూసి కొత్త కణం దొరికిందని పరిగెత్తుకొచ్చావు?"

"గుర్తులేదు."

"దుమ్మని చెబితే ఏడ్చావు కూడా, నాయనా."

గుర్తులేదు.

నవంబరు 6

ఇవాళ ఏడుసార్లు కోటు తీసుకుని ఏడుసార్లు ఇచ్చాను. బయట చల్లగాలి ఆరోగ్యానికి మంచిది. అయిదోసారికి, "లోపలో బయటో ఒకటి తేల్చుకో, నాయనా. నా మోకాళ్లు నీ పలెర్మో కోసం అరగాలా?" అంది.

నవంబరు 7

తేనె కేకు తీసుకెళ్లాను. ఊరికే.

"రొదియోన్ మార్కొవిచ్ కూడా ఊరికే చాక్లెట్లు తెచ్చాడు" అంది. "రెండూ తింటాను. ఏదీ చెప్పను."

నవంబరు 11

ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా ఆమె క్యాంటీన్లో ఉంటుంది. నేను మఫ్లరు వెతుక్కోవడానికి కోట్ల గదిలోకి వెళ్లాను. ఆమె నోటుబుక్కు బల్ల మీద కనిపిస్తే అది నా తప్పు కాదు.

లోపలికి నాలుగడుగులు వేశానో లేదో బయట ఎవరో దగ్గారు. గొర్రెతోలు కోటు వెనక్కి నక్కాను. దగ్గు దూరమైంది. అప్పుడు తెలిసింది, నా పక్కనున్న నల్లకోటు ఊపిరి తీస్తోందని.

"మీరిక్కడేం చేస్తున్నారు?" అన్నాను గుసగుసగా.

"మఫ్లరు వెతుకుతున్నాను. మీరు?" అన్నాడు రొదియోన్.

"నేనూ మఫ్లరే."

"మీ మఫ్లరు మీ మెడలోనే ఉంది."

"మీదీ ఉంది."

గొర్రెతోలు కోటంతా నాఫ్తలీను వాసన.

"సిగ్గు లేదట్రా కేషా నీకు!" అన్నాడు ఉన్నట్టుండి. పదకొండేళ్ల తర్వాత.

"నీకుందా? అసలు నా యాభయ్యో పుట్టినరోజున నువ్వన్న మాట..."

"అది జోకురా!"

"అందరూ నవ్వారు!"

"జోకుకి నవ్వక ఏడుస్తారా?"

అతను నా కాలరు పట్టుకున్నాడో, నేను అతనిది పట్టుకున్నానో ఇక్కడ అభిప్రాయభేదం ఉంది. మొత్తానికి ఇద్దరం కలిసి కొక్కేల ఇనపకమ్మీని పట్టుకున్నాం. అది ఊడింది. నలభై కోట్లు మా మీద పడ్డాయి.

వాటి కిందనుంచి మాకు కనిపించింది రెండు ఊలు బూట్లు, వాటి పక్కన కిందకి దించి పట్టుకున్న ఒక క్యాంటీన్ టీ గ్లాసు.

"లేవండి" అంది అగ్నియా ఫొమీనిచ్నా. "ఏ నంబరు కోటు ఆ కొక్కేనికి. అయ్యాక మాట్లాడదాం."

యాభై నిమిషాలు పట్టింది. అధ్యక్షుడి కోటు లైబ్రేరియన్ కొక్కేనికి తగిలించామని రెండోసారి తీయించింది.

ఆ తర్వాత మమ్మల్నిద్దర్నీ స్టూళ్ల మీద కూర్చోబెట్టి, ముప్ఫయ్యొకటో బొమ్మ పరిచి, అల్లికసూది మొనతో చూపించింది.

"ఇదిగో పంగలకర్ర. దీని పక్కనే వెంట్రుకవాసి ఎడంలో ఇంకోటి. మీ కంప్యూటరు రెండంది. రెండు లాంబ్డాలు ఒక చోట పుట్టి, ఒకే దారిన పోయి, ఒకే చోట చీలడం ఎక్కడైనా ఉందా, కేషా? ఇక్కడ చూడు, అతుకు మీద నీ గీత తెగింది. ఇది ఒకటే."

చూశాను. కళ్లద్దాలతో, కళ్లద్దాలు తీసి. రెండని చెప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని పది నిమిషాలు చూశాను. ఒకటే. ముప్ఫయ్యారు. నలభై నాలుగు. నలభై అయిదులో రెండుచోట్ల. అన్నీ ఒకటే.

నా పక్కన రొదియోన్ ముఖం వెలిగిపోతోంది. ఆమె సూది అతని వైపు తిరిగింది.

"నీకెందుకా నవ్వు? అతుకు దగ్గరకొస్తే నీ యంత్రం కళ్లు మూసుకుంటుంది. ఇది నిజమైనదే, పారేశావు. ఇదీ పారేశావు. కేషా యంత్రం లేనిది చూస్తుంది, నీది ఉన్నది చూడదు. మీ ఇద్దరికీ జీతాలెవరిస్తున్నారు?"

ఆమె లెక్క 161. సిద్ధాంతం చెప్పిన 150కి పదకొండు ఎక్కువ. వంద బొమ్మల్లో ఆ పదకొండుకు అర్థం లేదు, కాకతాళీయంగా కూడా వస్తుంది.

సాయంత్రం 171/104. ఒక్కసారే కొలిచాను.

నవంబరు 12

డెబ్బై తొమ్మిదేళ్ల కళ్లు. కోట్ల గదిలో నలభై వాట్ల బల్బు. కాగితం మీద అచ్చులో సిరా అలుక్కుపోయి ఉండొచ్చు. ఇవన్నీ నేను ఎల్లుండి సభలో

లేదు.

నవంబరు 13

ఉల్యానా గదికి వెళ్లాను. బల్ల మీద కొత్త నాలుగో అధ్యాయం. అతుకుల గురించి. అరవై పేజీలు అయిపోయాయి.

"ఎప్పుడు మొదలుపెట్టావు?"

"అక్టోబరు పద్దెనిమిదిన."

"నేను ఒప్పుకోకపోతే ఏం చేద్దామనుకున్నావు?"

"ఆ అధ్యాయం లేకుండా ఇచ్చేదాన్ని. అప్పుడు తీసుకుంటారో తిప్పికొడతారో నాకు తెలీదు. కానీ తప్పని తెలిశాక దాని మీద నా పేరు ఎలా పెట్టను, ఇన్నొకెంతీ పెత్రోవిచ్?"

"నాతో గట్టిగా వాదించాల్సింది."

"మీరు అరుస్తున్నారు కదా."

"తలుపు మూసే ఉంది."

"నేను తలుపుకి లోపలి వైపునే ఉన్నానండీ" అంది.

క్షమించమన్నాను. ఆమె టీ పెట్టింది. చక్కెర రెండు గడ్డలు వేసింది, నేను అడక్కుండానే.

నవంబరు 14

సభలో లేచాను. కాగితం మీద పదకొండు వాక్యాలు రాసుకెళ్లాను. నాలుగే చెప్పాను.

"నా ప్రోగ్రాములో తప్పుంది. ఒకే లాంబ్డాను రెండుసార్లు లెక్కపెట్టాను. ఈ సంగతి అక్టోబరు పదిహేడునే ఉల్యానా చెప్పింది. నేను వినలేదు."

కూర్చున్నాను. అప్పుడు నా వెనక కుర్చీ కిర్రుమంది. రొదియోన్ లేచి, తన ప్రోగ్రాము నిజమైనవాటిని కూడా పారేస్తోందని, అది కూడా కోట్ల గదిలోనే తేలిందని చెప్పాడు. "మేమిద్దరం అక్కడ మఫ్లర్లు వెతుకుతుండగా" అని కలిపాడు. ఈసారి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

పలెర్మో సంగతి ఏమిటని అధ్యక్షుడు అడిగాడు. ఉల్యానాను పంపండన్నాను. ఎలా తప్పు చేశామో, ఎలా పట్టుకున్నామో చెబుతుంది. నా గొంతు మామూలుగానే ఉంది. ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు, ఎందుకో.

ఇంటికొచ్చి తయిసియాకు చెప్పాను. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత, "ఈత దుస్తులు ఆ పిల్లకి సరిపోవు. నడుము సన్నం" అంది.

డిసెంబరు 19

ఉల్యానా సిద్ధాంత గ్రంథం నెగ్గింది. పరీక్షకుల పదిహేడు ఓట్లకు పదిహేడూ. విందులో రొదియోన్ నాతో డాన్సు చేయబోయాడు. ఆపారు.

ఫిబ్రవరి 6

రెండు ప్రోగ్రాములనూ కలిపి ఉల్యానా కొత్తది రాసింది. ఏడాది సమాచారమంతా మళ్లీ లెక్కపెట్టాం. లాంబ్డాలు ఏడు శాతం ఎక్కువ, అటూ ఇటూ నాలుగు. పొరలు కరిగాయో లేదో ఇప్పుడే చెప్పలేం. ఇంకో రెండేళ్లు గుద్దించాలి. నలభై అంత అందంగా లేదు ఈ ఏడు. కానీ పొద్దున లేచేసరికి కూడా ఏడే ఉంటోంది.

పేపరు మీద ఎవరెవరి పేర్లు వెయ్యాలో తేల్చే సమావేశం. అగ్నియా ఫొమీనిచ్నా పేరు నేను ప్రతిపాదించాను.

"ఆవిడ హోదా ఏమిటి?" అన్నారొకరు.

"ఈ పేపరు ఉండటానికి కారణం" అన్నాను. "పంతొమ్మిదేళ్లు ఫిల్ములు చూసింది. ఆ పేపర్లలో ఒక్కదాంట్లో కూడా ఆమె పేరు లేదు. వెతికాను. చివర్లో 'లెక్కపెట్టిన బృందానికి కృతజ్ఞతలు' అని ఉంటుంది. ఒక పంక్తి. ఒక్కోసారి అదీ లేదు."

"బలపరుస్తున్నాను" అన్నాడు రొదియోన్. చేతులు లేచాయి.

మార్చి 5

పేపరు అచ్చయింది. మూడొందల పన్నెండు పేర్లు, అక్షరక్రమంలో. మా పేపర్లలో ఇన్నేళ్లూ మొదటి పేరు బసార్గిన్ కాబట్టి లోకమంతా మా పనిని 'బసార్గిన్, ఇతరులు' అనే పిలిచేది. ఈ పేపరులో మొదటి పేరు అబ్రోసిమొవా, అగ్నియా ఫొమీనిచ్నా ఇంటిపేరు.

రొదియోన్ కాగితం పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"కేషా. ఇది నీకు ముందే తోచిందా?"

"ఏది?"

"అక్షరక్రమంరా."

"లేదు" అన్నాను.

తోచింది. కానీ అది రెండో కారణం.

అతను చాలాసేపు ఆ పేరు చూశాడు. "ఇరవై ఏళ్లు నా పేరు చెప్పుకుని బతికారు, ఇతరులు" అని పగలబడి నవ్వి, నా బిస్కెట్లన్నీ తినేసి వెళ్లాడు.

మార్చి 27

హైడెల్‌బర్గ్ నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన ప్రొఫెసరు, ఒకామె ఆయన తోటి పరిశోధకురాలు. ఉల్యానా ఊళ్లో లేదు, పలెర్మోకు వీసా పని మీద మాస్కో వెళ్లింది. గుమ్మం దగ్గర నేనే ఎదురెళ్లాను. ప్రొఫెసర్ అబ్రోసిమొవా గారిని కలవాలి, ఆమె పద్ధతి గురించి మాట్లాడాలి, అరగంట సమయమిస్తే చాలు అన్నారు.

రండన్నాను.

కోట్లు విప్పి కౌంటరు మీద పెట్టారు. ఆమె తీసుకుని తగిలించి, చెరో నంబరూ ఇచ్చింది. వాళ్లు థాంక్స్ చెప్పి, పైకి ఏ మెట్లు అన్నట్టు నా వైపు చూశారు.

"ఈవిడే" అన్నాను.

పెద్దాయన ఆమెను చూశాడు, కోట్లను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత తిన్నగా నిలబడి తల వంచి నమస్కారం చేశాడు. మంచివాడు.

"ఏమంటున్నారు, కేషా?" అంది అగ్నియా ఫొమీనిచ్నా అల్లిక దించకుండా.

"మీ పద్ధతి ఏమిటని అడుగుతున్నారు."

ఆమె అల్లిక ఒళ్లో పెట్టుకుంది. అంత సూటిగా ఆమెను ఎవరూ ఎన్నడూ అడిగుండరు.

"చెప్పు: తొందరపడను. ఎవరు కేకు తెచ్చినా తింటాను. ఒకటిని ఒకటే అంటాను."

అనువదించాను. పెద్దాయన జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. రెండోది ఇంకోసారి చెప్పమన్నాడు.